కంప్యూటర్‌లో సౌండ్ రావట్లేదా? తప్పు వైరుదో విండోస్‌దో ముందు తేల్చుకోండి

మా పక్కింటి మాస్టారు రిటైరయ్యాక రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కీర్తనలు వింటారు. ఒకరోజు మా గుమ్మం దగ్గరకొచ్చి, "ఏమయ్యా, మృదంగం వినిపిస్తోంది, వయొలిన్ వినిపిస్తోంది, పాడే ఆవిడ గొంతు మాత్రం నూతిలోంచి వస్తున్నట్టుంది. ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నారు.

అప్పటికి ఆయన ఆ పాటలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకున్నారు. తెలిసినవాళ్లెవరో చెబితే విండోస్ కూడా మళ్లీ వేయించారు. అందులో మనవరాలి ఫోటోలు కొన్ని పోయాయి. దగ్గర్లోని షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారట. నేను వెళ్లి చేసిందల్లా సీపీయూ వెనక సగమే దిగి ఉన్న హెడ్‌ఫోన్ పిన్నును గట్టిగా లోపలికి నొక్కడం. టక్కుమంది. గొంతు వచ్చేసింది. మాస్టారు కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నాకే నాకు కాఫీ పెట్టించారు.

పోయిన ఆ ఫోటోల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సౌండ్ రాకపోతే చాలామంది ముందు విండోస్ మీద పడతారు, లేదంటే నేరుగా పర్సు తీస్తారు. ఆ రెండింటికీ ముందు అరగంట పెట్టి తప్పు ఎక్కడుందో తేల్చుకోవచ్చు. ఎలాగో వరసగా చెబుతాను. కంప్యూటర్ పక్కన పెట్టుకునే చదవండి.

సౌండ్ నడిచే దారి

పాట మీ చెవికి చేరేలోపు చాలా చేతులు మారుతుంది. ఫైలును ప్లేయరో బ్రౌజరో చదువుతుంది. అది విండోస్‌కి ఇస్తుంది. విండోస్ ఏ పరికరానికి పంపాలో చూసి డ్రైవర్‌కి, అంటే ఆ పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌కి, అందిస్తుంది. డ్రైవర్ మదర్‌బోర్డు మీదున్న ఆడియో చిప్‌కి ఇస్తుంది. అంతవరకూ అంకెలుగా ఉన్న పాటను ఆ చిప్ కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు జాక్ దాటి, వైరు దాటి, స్పీకర్‌లోని పొరను కదిలిస్తే మనకు వినిపిస్తుంది.

డ్రైవర్ వరకు సాఫ్ట్‌వేర్, చిప్ నుంచి హార్డ్‌వేర్. కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు ట్యాంకులో నీళ్లున్నాయా అని చూస్తాం గానీ మోటారు విప్పదీయం కదా. ఇదీ అంతే. దారి మధ్యలో ఎక్కడో ఒకచోట నిలబడి, ఇక్కడిదాకా వచ్చిందా లేదా అని చూడాలి. ఒక నియమం మాత్రం తప్పొద్దు: ఒకసారికి ఒక్కటే మార్చండి. వైరూ మార్చి డ్రైవరూ మార్చి రీస్టార్ట్ కూడా చేస్తే, సౌండ్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. మళ్లీ పోయినప్పుడు మొదటికొస్తారు.

మొదటి మెట్టు: ముందు చూసుకోవాల్సినవి

కీబోర్డు మీద మ్యూట్ బటన్ పొరపాటున నొక్కామేమో చూడండి. యూట్యూబ్‌లో ఎమ్ అక్షరం నొక్కినా మ్యూట్ అయిపోతుంది, పిల్లలు కీబోర్డు మీద చేయి పెట్టారంటే ముందు ఇదే జరుగుతుంది. బ్రౌజర్‌లో ఆ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ సైట్‌ను మ్యూట్ చేశారో లేదో తెలుస్తుంది. స్పీకర్లకు విడిగా వాల్యూమ్ గుండీ, పవర్ లైటు ఉంటే అవీ చూడండి.

తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, ఆన్ చేయగానే మళ్లీ దాన్నే తెచ్చుకుంటుంది. ఇరుక్కుపోయిన డ్రైవర్ కూడా అలాగే ఇరుక్కుని తిరిగొస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. "నాలుగుసార్లు ఆపి వేశానండీ, అయినా రాలేదు" అనేవాళ్లలో చాలామంది చేసింది షట్‌డౌనే.

రెండో మెట్టు: పచ్చ గీతలు కదులుతున్నాయా?

ఈ ఒక్క పరీక్షతోనే దారి సగానికి తెగుతుంది, అందుకే దీనికి కాస్త సమయం పెట్టండి. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోకి వెళ్లి సౌండ్ నొక్కండి. విండోస్ 11 అయితే ఆ పేజీ అడుగున 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' అని ఉంటుంది. విండోస్ 10లో పేజీ పక్కనో అడుగునో 'సౌండ్ కంట్రోల్ ప్యానెల్' అని కనిపిస్తుంది. నొక్కితే పాతకాలపు చిన్న కిటికీ ఒకటి వస్తుంది. అందులో ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ కంప్యూటర్‌కున్న స్పీకర్లు, హెడ్‌ఫోన్స్, మానిటర్, బ్లూటూత్ అన్నీ వరుసగా ఉంటాయి.

ఆ కిటికీ అలాగే ఉంచి ఏదైనా పాట పెట్టండి. ఒక్కో పరికరం పక్కన నిలువుగా చిన్న గళ్ల పట్టీ ఉంటుంది. సౌండ్ వెళుతున్న పరికరం పక్కన ఆ గళ్లు పచ్చగా వెలుగుతూ పాటకు తగ్గట్టు ఎగిరెగిరి పడతాయి.

ఇప్పుడు మూడింటిలో ఒకటి జరుగుతుంది.

గళ్లు మీ స్పీకర్ల పక్కనే ఎగురుతున్నాయి, కానీ చెవికి ఏమీ వినపడట్లేదు. అంటే ప్లేయర్, విండోస్ తమ పని చేసేశాయి. తప్పు ఆ తర్వాతే ఉంది: జాక్, వైరు, స్పీకర్, చిప్, లేదా డ్రైవర్. నేరుగా మూడో మెట్టుకి వెళ్లండి.

గళ్లు ఎగురుతున్నాయి గానీ వేరే పరికరం పక్కన. అంటే సౌండ్ పోలేదు, వేరే ఇంటికి వెళ్లింది. ఇంట్లో పనిచేసుకోవడానికి లాప్‌టాప్‌కి మానిటర్ తగిలించుకున్నవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది. హెచ్‌డీఎమ్ఐ వైరులో బొమ్మతో పాటు సౌండ్ కూడా వెళుతుంది. వైరు పెట్టగానే విండోస్ ఒక్కోసారి సౌండ్‌ను మానిటర్‌కే పంపేస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లే ఉండకపోవచ్చు! మీకు కావలసిన పరికరం మీద నొక్కి 'సెట్ డిఫాల్ట్' చేస్తే సరిపోతుంది. లేదా టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, వాల్యూమ్ గీత పక్కనున్న బాణం గుర్తు నుంచి కూడా మార్చుకోవచ్చు.

గళ్లు ఎక్కడా కదలట్లేదు. అంటే సౌండ్ విండోస్ దాకా రాలేదు, లేదా విండోస్ దగ్గరే ఆగింది. వైర్లు పీకొద్దు, నాలుగో మెట్టు చూడండి.

అసలు ఆ జాబితాలో పరికరమే కనిపించకపోతే, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'షో డిసేబుల్డ్ డివైసెస్' టిక్ పెట్టండి. ఎవరో ఎప్పుడో డిసేబుల్ చేసి వదిలేసి ఉంటే బయటపడుతుంది.

మూడో మెట్టు: తిరగేసి మరగేసి చూడటం

ఇక్కడ స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఫోను, ఇంకో జత ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు.

మీ ఇయర్‌ఫోన్స్‌ను ఫోనుకి పెట్టి చూడండి. అక్కడా పలక్కపోతే తప్పు వాటిదే, కంప్యూటర్‌ని వదిలేయండి. ఫోనులో బాగా పలికితే, వేరే ఇయర్‌ఫోన్స్‌ను కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అవీ పలక్కపోతే కంప్యూటర్ జాక్ నుంచి లోపలివైపు వెతకాలి.

లాప్‌టాప్ స్పీకర్లు మాత్రమే మూగబోయి, ఇయర్‌ఫోన్స్ పెడితే బాగా వస్తోందనుకోండి. దీనికి రెండు కారణాలుంటాయి. స్పీకర్లో వాటి వైరో పోయి ఉండొచ్చు. లేదా, ఇయర్‌ఫోన్స్ ఇంకా పెట్టే ఉన్నాయని లాప్‌టాప్ భ్రమపడుతూ ఉండొచ్చు. జాక్ లోపల పిన్ను దూరిందని చెప్పడానికి చిన్న స్ప్రింగు లాంటి రేకు ఉంటుంది. దుమ్ము పట్టినా, వంగినా అది ఇరుక్కుపోతుంది. ఇయర్‌ఫోన్స్ తీసేశాక కూడా స్పీకర్ బొమ్మ దగ్గర 'హెడ్‌ఫోన్స్' అనే చూపిస్తుంటే ఇదే కారణం. పిన్నును మెల్లగా పది పదిహేను సార్లు పెట్టి తీయండి, పెట్టాక కొంచెం గుండ్రంగా తిప్పండి. చాలాసార్లు అంతటితోనే రేకు విడిపోతుంది. సూదులు, పిన్నీసులు మాత్రం లోపల పెట్టొద్దు. టార్చి వేసి చూడండి, ఒక్కోసారి పాత పిన్ను కొస విరిగి లోపలే ఉండిపోతుంది.

2.1 స్పీకర్లు, అంటే ఊఫర్ ఒకటి, చిన్న స్పీకర్లు రెండు ఉన్న సెట్టు వాడేవాళ్లకు రేడియో మెకానిక్కుల పాత చిట్కా ఒకటుంది. ఊఫర్ ఆన్ చేసి, వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టండి. కంప్యూటర్ వెనక ఉన్న పిన్ను తీసి, దాని కొసను వేలితో తాకండి. బుర్ర్‌మని మోత వస్తే ఊఫర్, వైరు రెండూ బతికే ఉన్నాయి, తప్పు కంప్యూటర్ వైపుది. ఏ మోతా రాకపోతే వాల్యూమ్ కొద్దిగా పెంచి మళ్లీ తాకండి. అప్పుడూ నిశ్శబ్దమే అయితే ఊఫర్‌నో వైరునో అనుమానించాలి. అదే పిన్నును ఫోనుకి పెట్టి కూడా నిర్ధారించుకోవచ్చు. అన్నట్టు, ఇది సన్నటి ఆడియో పిన్ను గురించి మాత్రమే చెబుతున్నాను, కరెంటు ప్లగ్గు జోలికి వెళ్లొద్దు.

డెస్క్‌టాప్ అయితే ముందువైపు జాక్‌లో రాకపోతే వెనకవైపు పెట్టి చూడండి. వెనక రంగురంగుల జాకులు ఉంటే, ఆకుపచ్చది స్పీకర్లకి, గులాబీది మైకుకి, నీలంది బయటి సౌండ్ లోపలికి తెచ్చుకోవడానికి. వెనక వచ్చి ముందు రాకపోతే, క్యాబినెట్ లోపల ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే సన్న వైరు ఊడి ఉంటుంది. దుమ్ము దులిపించిన మర్నాడే సౌండ్ పోయిందంటే ముందు అదే చూడమనండి.

ఇంకొక పరీక్ష కోసం కొన్ని వందల రూపాయలు ఖర్చవుతుంది, కానీ ఇంత తేటగా తేల్చేది ఇంకొకటి లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డ్ అని బొటనవేలంత ఉంటుంది, యూఎస్‌బీ పోర్టులో పెడితే రెండో కొసన హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది. దానికి సొంత ఆడియో చిప్ ఉంది. మామూలు రకాలకు విడిగా డ్రైవర్ అక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే సరిపోతుంది. దాన్ని పెట్టి, డిఫాల్ట్‌గా ఎంచుకుని, పాట పెట్టండి. శుభ్రంగా వస్తే మీ విండోస్, ప్లేయర్, ఫైలు అన్నీ బాగున్నట్టే. మిగిలింది మదర్‌బోర్డు మీది చిప్, జాక్, లేదా ఆ చిప్ డ్రైవర్. దానిలోనూ రాకపోతే మదర్‌బోర్డు తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లండి. బ్లూటూత్ హెడ్‌సెట్ ఉంటే అదీ ఇలాగే పనికొస్తుంది, ఎందుకంటే దాని చిప్ హెడ్‌సెట్‌లోనే ఉంటుంది.

గొంతు మాయమై వాద్యాలు మిగిలితే

మాస్టారి కేసుకి మళ్లీ వస్తాను. ఒకే లక్షణం హార్డ్‌వేర్ వల్లా రావచ్చు, సాఫ్ట్‌వేర్ వల్లా రావచ్చు అనడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇయర్‌ఫోన్ పిన్నును దగ్గరగా చూడండి. నల్లటి గీతలతో విడిపోయిన లోహపు భాగాలు కనిపిస్తాయి. కొసది ఎడమ చెవికి, దాని వెనకది కుడి చెవికి. మొదట్లో ఉన్నది రెండిటికీ ఉమ్మడి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. మైకు కూడా ఉంటే నాలుగు భాగాలుంటాయి. పాట రికార్డు చేసేటప్పుడు వాద్యాలను అటూ ఇటూ పంచుతారు, గొంతును మాత్రం నడిమధ్య, అంటే రెండు వైపులా సమానంగా ఉంచుతారు. పిన్ను పూర్తిగా దిగకపోయినా, లోపల గ్రౌండ్ వైరు తెగినా, రెండు చెవుల స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. అప్పుడు వినపడేది ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే. సమానంగా ఉన్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గొంతు పోతుంది, వాద్యాలు మిగులుతాయి.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియోలోకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేయండి. ఇప్పుడు రెండు వైపులా ఒకే సౌండ్ వెళుతుంది. గ్రౌండ్ తెగి ఉంటే తేడా అనేదే ఉండదు కాబట్టి వాద్యాలతో సహా దాదాపు అంతా మాయమవుతుంది. అలా జరిగితే పిన్నో వైరో జాకో, అంతే. పరీక్ష అయ్యాక మోనోను ఆఫ్ చేయడం మరవకండి.

సినిమాలో మాత్రమే మాటలు వినపడక, నేపథ్య సంగీతం హోరెత్తుతుంటే కథ వేరు. సినిమా ఫైళ్లలో చాలావాటికి 5.1 సౌండ్, అంటే ఐదు స్పీకర్లకీ ఒక ఊఫర్‌కీ విడివిడిగా పంచిన సౌండ్ ఉంటుంది, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళతాయి. మీకున్నవి రెండే స్పీకర్లు, కానీ విండోస్‌లో 5.1 అని పెట్టి ఉంటే, మాటలు లేని స్పీకర్‌కి వెళ్లిపోతాయి. ఇందాకటి ప్లేబ్యాక్ కిటికీలో స్పీకర్ల మీద నొక్కి, 'కాన్ఫిగర్' నొక్కి, 'స్టీరియో' ఎంచుకోండి. సినిమాలో బొమ్మ వచ్చి సౌండ్ అసలే రాకపోతే, ఆ ఫైలులోని ఆడియో రకం మీ ప్లేయర్‌కి తెలియకపోవచ్చు. అదే ఫైలును వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో తెరిచి చూడండి.

నాలుగో మెట్టు: సాఫ్ట్‌వేర్ వైపు

వరస ముఖ్యం. తేలిక పని ముందు, తిరిగి వెనక్కి తెచ్చుకోలేని పని చివర.

ఒక్క అప్లికేషన్‌లోనే సౌండ్ రాకపోతే టాస్క్‌బార్ స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'వాల్యూమ్ మిక్సర్' తెరవండి. అక్కడ ఒక్కో అప్లికేషన్‌కి విడిగా వాల్యూమ్ ఉంటుంది, దాని సౌండ్ ఎక్కడికి వెళ్లాలో కూడా విడిగా ఉంటుంది. జూమ్, టీమ్స్ లాంటివాటికి తమ సొంత సెట్టింగ్స్‌లో కూడా స్పీకర్ ఎంపిక ఉంటుంది, అది పాత హెడ్‌సెట్ మీదే ఆగిపోయి ఉంటుంది చాలాసార్లు. కాల్ మొదలవగానే పాట సౌండ్ బాగా తగ్గిపోతే భయపడొద్దు. ప్లేబ్యాక్ ట్యాబ్ ఉన్న కిటికీలోనే 'కమ్యూనికేషన్స్' అనే ట్యాబ్ ఉంది. అందులో మామూలుగా మిగతా సౌండ్లను 80 శాతం తగ్గించమని పెట్టి ఉంటుంది. 'డూ నథింగ్' ఎంచుకోండి.

సౌండ్ వస్తోంది కానీ బొంగురుగానో, డబ్బాలోంచి వస్తున్నట్టో ఉంటే, సౌండ్ పేజీలో మీ స్పీకర్ మీద నొక్కి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేయండి. అక్కడే 'ఫార్మాట్' దగ్గర 16 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి చూడండి.

ఏ అప్లికేషన్‌లోనూ గళ్లు కదలకపోతే స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' అని వెతికి తెరవండి. 'విండోస్ ఆడియో', 'విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్' అనే రెండూ 'రన్నింగ్' అని, 'ఆటోమేటిక్' అని ఉండాలి. మొదటిదాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. మొత్తం కంప్యూటర్‌ను ఆపి వేయకుండానే సౌండ్ తిరిగొచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి.

అప్పుడు డ్రైవర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్' తెరవండి. 'సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్' కింద రియల్‌టెక్ లాంటి పేరు ఉంటుంది. నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ అయ్యాక సౌండ్ పోతే, దాని మీద రెండుసార్లు నొక్కి 'డ్రైవర్' ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉందేమో చూడండి. ఉంటే పాత డ్రైవర్ తిరిగొస్తుంది. అది వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉంటే, 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ తనంతట తానే ఒక డ్రైవర్ పెట్టుకుంటుంది. అదీ సరిపోకపోతే, మీ లాప్‌టాప్ కంపెనీ సైట్‌కి వెళ్లి, అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరుతో ఆడియో డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు వేసుకోవద్దని గట్టిగా చెబుతాను. అవసరం లేనివి తెచ్చి పెడతాయి, ఉన్నది చెడగొడతాయి.

మ్యాక్ వాడేవాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ సరిగా ఉందో చూసి, 'యాక్టివిటీ మానిటర్'లో 'కోర్ ఆడియో డీ' అని వెతికి దాన్ని ఆపేయండి. అది వెంటనే మళ్లీ తనే మొదలవుతుంది.

సౌండ్ వస్తోంది, గోలతో సహా

చిటపటలు, గరగరలు, గుయ్యిమనే మోత. వీటిని చెవితోనే విడదీయొచ్చు.

సన్నగా, విడవకుండా గుమ్మని మోత వస్తుంటే లాప్‌టాప్ చార్జర్ తీసేయండి. మోత ఆగిపోతే అది కరెంటు వైపు నుంచి వస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత అదే. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోయినా, లాప్‌టాప్ ఒక బోర్డులో, ఊఫర్ ఇంకో బోర్డులో పెట్టినా ఇలా వస్తుంది. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. లాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. అది సౌండ్ కంటే పెద్ద విషయం.

మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటోందా? అది మదర్‌బోర్డు లోపలి రొద ముందు జాక్ వైరులోకి దూరడం. వెనక జాక్‌కి మారండి, తగ్గకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డే మందు.

మధ్యమధ్యలో చిటుక్కుమంటూ పాట తెగుతుంటే బ్లూటూత్‌లోనో యూఎస్‌బీ కార్డులోనో పెట్టి చూడండి. అక్కడా అలాగే తెగితే స్పీకర్ తప్పు కాదు, లోపలే ఆలస్యం జరుగుతోంది. వైఫై ఆపేసి, డిస్కులో ఉన్న పాట పెట్టి వినండి. శుభ్రంగా వచ్చిందంటే వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయాలి. ఇంకా తెలుసుకోవాలంటే 'లేటెన్సీమాన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ డ్రైవర్ ఎక్కువ సేపు దారి అడ్డం పెడుతోందో పేరుతో సహా చూపిస్తుంది.

అదే, తబలా దెబ్బ దగ్గరో కొన్ని స్వరాల దగ్గరో మాత్రమే జర్రుమంటూ, వాల్యూమ్ తగ్గిస్తే తగ్గిపోయి, హెడ్‌ఫోన్స్‌లో అసలు లేకపోతే, స్పీకర్ పొర చిరిగింది. సెట్టింగ్స్‌తో బాగుపడదు.

పిన్ను కదిపితే వస్తూ పోతూ ఉంటే లూజ్ కాంటాక్ట్. పిన్ను దగ్గర పట్టుకుని కదిపినప్పుడే వస్తే జాక్, వైరు వంచినప్పుడు వస్తే వైరు. నిదానంగా చేస్తే ఈ తేడా చేతికే తెలుస్తుంది.

బ్లూటూత్‌లో ఒకటే ఫిర్యాదు నేను ఎక్కువగా వింటాను: పాట బాగా వస్తుంది, మీటింగ్‌లో చేరగానే పాత ల్యాండ్‌లైన్ ఫోనులా మారిపోతుంది. హెడ్‌సెట్ చెడిపోలేదు. మామూలు బ్లూటూత్‌లో నాణ్యమైన స్టీరియో ఒక పద్ధతి, మైకుతో కలిపి మాట్లాడటం ఇంకో పద్ధతి. మైకు వాడగానే రెండోదానికి మారుతుంది. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకుగా లాప్‌టాప్ మైకు ఎంచుకోండి, స్పీకర్‌గా హెడ్‌సెట్ ఉంచండి. మళ్లీ బాగా వినిపిస్తుంది.

ఐదో మెట్టు: విండోస్‌ను పక్కనపెట్టి చూడటం

అన్నీ అయ్యాక కూడా తేలకపోతే, విండోస్ మళ్లీ వేయించే ముందు ఇది చేయండి. ముందుగా లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత ఆన్ చేయండి. కొన్ని లాప్‌టాప్‌లకు ఇదే సరిపోతుంది.

చాలా డెల్ లాప్‌టాప్‌లలో ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్ ఎంచుకుంటే, విండోస్ లేకుండానే స్పీకర్లలో మోతలు పలికించి వినిపించాయా అని అడుగుతుంది. అక్కడ వినిపిస్తే స్పీకర్లు, చిప్ బాగున్నాయి.

అలాంటిది లేకపోతే, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, దాని నుంచి కంప్యూటర్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై ఉబుంటు' ఎంచుకోండి. మీ డిస్కులో ఏదీ మారదు. అక్కడ సౌండ్ వస్తే హార్డ్‌వేర్ బాగుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. రాకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి, కొన్ని కొత్త లాప్‌టాప్‌ల స్పీకర్లకు ఉబుంటులో డ్రైవర్ ఉండదు. ఒక జాగ్రత్త: బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, మార్పులు చేస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు. బయోస్‌లోకి వెళ్లినప్పుడు 'ఆన్‌బోర్డ్ ఆడియో' డిసేబుల్ అయి ఉందేమో కూడా చూడండి. డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరమే లేనివాళ్లకు ఇది ముఖ్యం.

షాపుకి వెళ్లాల్సి వస్తే

హార్డ్‌వేర్ అని తేలాక కూడా ఎక్కువసార్లు చిన్న పనే ఉంటుంది. జాక్ మార్చడం, తెగిన సాల్డరింగ్ మళ్లీ పెట్టడం, లాప్‌టాప్ స్పీకర్ల జత మార్చడం, ఇవన్నీ మామూలు పనులు. ఆడియో చిప్పే పోతే దాని కోసం మదర్‌బోర్డు మార్చమంటే ఒప్పుకోకండి. మిగతా కంప్యూటర్ బాగుంటే యూఎస్‌బీ సౌండ్ కార్డుతో ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. వారంటీ ఉంటే మాత్రం విప్పకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

"సౌండ్ రావట్లేదు" అని మాత్రమే చెబితే అవతలివాళ్లు మొదటినుంచీ మొదలుపెడతారు. మీరు చూసింది కాగితం మీద రాసి ఇవ్వండి: గళ్లు కదులుతున్నాయి, యూఎస్‌బీ కార్డులో వస్తోంది, హెడ్‌ఫోన్ జాక్‌లో ఒక్క ఎడమ వైపే వస్తోంది, డ్రైవర్ మార్చినా తేడా లేదు. అలా చెబితే పని జాక్ దగ్గరే మొదలవుతుంది. ఇచ్చే ముందు ఫోటోలు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మీ సొంత ఇయర్‌ఫోన్స్ పట్టుకెళ్లి, కౌంటర్ దగ్గరే, మీకు బాగా తెలిసిన పాట ఒకటి రెండు చెవులతో చివరిదాకా వినండి.